చిలుకలోని ప్రాణము

మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములలో పుట్టి పెరిగిన బాలునకు కథలలోని అడవిని ఊహించుకొనవలసిన పని లేదు. పడమటి దిక్కునకు చూచినచో నల్లమల కనబడుచునే యుండును. పగలు నీలముగా, సంధ్యవేళ నల్లని గోడవలె నిలుచు ఆ కొండల వరుసను చూచుచు పెరిగినవానికి, “అనగా అనగా ఒక కీకారణ్యము” అని అవ్వ మొదలుపెట్టగనే ఆ అరణ్యము ఎక్కడ నున్నదో తెలిసిపోవును. గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నంద్యాలకు పోవు రైలు సొరంగములో దూరినపుడు పట్టపగలే కమ్ముకొను చీకటిని చూచిన పిల్లలకు, మాంత్రికుని గుహ ఎట్లుండునో వేరుగా వర్ణింపనక్కరలేదు.

ఇట్టి కథలను ఇంగ్లీషువారు ఒక ప్రత్యేక శాఖగా లెక్కించి “డార్క్ ఫాంటసీ” యని పిలుచుచున్నారు. అద్భుత కథలలో చీకటి పాలు ఎక్కువగా గలవని దాని భావము. తెలుగులో వీనికి పేరు స్థిరపడలేదు గాని కథలకు మాత్రము కొదువ లేదు. మధిర సుబ్బన్న దీక్షితులు కూర్చిన కాశీమజిలీ కథలను మన తాతలు చదివిరి. 1947 జూలైలో ఆరంభమైన చందమామ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యము వ్రాసిన తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ మొదలగు ధారావాహికలకై పిల్లలు నెల పొడుగునను ఎదురుచూచెడివారు. ఆ పత్రిక ఇప్పుడు వెలువడుట లేదు. అయినను ఆ కథల పేర్లు చెప్పినచో నేటికిని కండ్లు మెరయు పెద్దలు ప్రతి గ్రామమునను కలరు. 1951లో వచ్చిన పాతాళభైరవి చలనచిత్రములోని నేపాళ మాంత్రికుని ఎరుగని తెలుగువాడు అరుదు.

అయినను ఈ కథలనిన కొందరు పెద్దలకు గిట్టదు. పాఠశాల గ్రంథాలయములో బాలుడు మాంత్రికుల పుస్తకమును తీయగనే, “దీనివలన నీకు వచ్చునది యేమి? లెక్కలు చేసికొనరాదా?” యని మందలింతురు. వారి ఆక్షేపణలు రెండు. ఈ కథలు పిల్లలను భయపెట్టునని మొదటిది. దీనికి జవాబు సులభము. పిల్లలు భయపడుటకే ఈ కథలు విందురు. భయము చాలనిచో మరల చెప్పుమని అడుగుదురు. రెండవ ఆక్షేపణ అంత తేలికగా త్రోసివేయదగినది కాదు. ఈ కథలు మూఢవిశ్వాసములను పెంచునని వారందురు. చేతబడి చేసిరను అనుమానముతో నిరపరాధులను కొట్టి చంపిన ఘటనలు తెలుగు దేశమున జరిగినవి. నల్లమల యంచున గల పాత గుడులలో గుప్తనిధులకై అర్ధరాత్రివేళ గోతులు త్రవ్వినవారు కలరు. వారి వెంట తరచుగా ఒక మాంత్రికుడు, నిమ్మకాయలు, పసుపు కుంకుమలు ఉండును. శిల్పములు పగులును, శాసనములు మట్టిపాలగును, నిధి మాత్రము దొరకదు. ఇట్టివి కండ్లయెదుట జరుగుచుండగా, మాంత్రికుల కథలను పిల్లల చేతికిచ్చుట తగునా యని అడుగువారిని తప్పుపట్టుటకు వీలులేదు.

కాని ఆ కథలు నిజముగా చెప్పుచున్నదేమో చూచినపిదపనే తీర్పు చెప్పవలెను. అవి మంత్రములను గురించి చెప్పుచున్నట్లు పైకి కనబడును. లోతుగా చూచినచో, అవి చెప్పునది అధికారమును గురించి. ఇతరుల ప్రాణములు, ఇష్టానిష్టములు తన గుప్పిటిలో నుండవలెనని కోరినవానికి ఏమి జరుగునో ఆ కథలు చెప్పుచున్నవి.

బాలనాగమ్మ కథను తీసికొందము. బుర్రకథలుగాను, నాటకములుగాను తెలుగు పల్లెలలో తరతరములుగా చెప్పుకొన్న కథ ఇది. 1942లో జెమినీ సంస్థ దీనిని చలనచిత్రముగా తీసినది. చెప్పువారినిబట్టి వివరములు మారుచుండును గాని మూలకథ యొక్కటియే. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కగా మార్చి అపహరించుకొని పోవును. ఆమెను విడిపింపవచ్చిన భర్తను, మరుదులను, సైన్యమును రాళ్లుగా మార్చివేయును. ఏమి కోరినను చేయగలవాడు! అయినను అతనికి ఒక చింత కలదు. తన ప్రాణమును తన దేహములో నుంచుకొనుటకు అతనికి ధైర్యము లేదు. దానిని సప్తసముద్రముల కావల ఒక చిలుకలో దాచి, ఆ చిలుకకు కాపలాలు పెట్టినాడు. తుదకు బాలనాగమ్మ కుమారుడు బాలవర్ధిరాజు, చిన్నవాడు, ఆ సముద్రములు దాటి చిలుకను పట్టుకొనును. చిలుక రెక్క విరిగినచో ఇక్కడ ఫకీరు చేయి విరుగును.

ఈ కథ విన్న పిల్లవాడు చిలుకను తలచుకొని చప్పట్లు కొట్టును. ఆ చప్పట్లు ఆగినపిదప ఒక్క నిమిషము ఆలోచించిన బాగుండును. లోకమునంతయు భయపెట్టినవాడు తాను దేనికి భయపడెను? ఒక పిట్టకు. రాళ్లుగా మారినవారికి కూడ అంతటి భయము లేదు. వారు కదలలేకపోయిరి గాని వారి ప్రాణములు వారియందే యున్నవి. ఫకీరు మాత్రము నడచుచు, నవ్వుచు, శాసించుచు ఉన్నను, లోపల డొల్ల. ఎక్కడనో ఏడు సముద్రముల కావల ఎవడైన చెట్టెక్కుచున్నాడేమో యను దిగులుతో నిద్రించువానిని బలవంతుడని యెట్లు అనగలము?

విచిత్రమేమనగా, ఈ చిలుక ఒక్క తెలుగు కథలోనే లేదు. రష్యా దేశపు జానపద కథలలో చావులేని కోశ్చేయ్ అను దుష్టుడు కలడు. అతని చావు ఒక సూది మొనలో నున్నది. సూది గ్రుడ్డులో, గ్రుడ్డు బాతులో, బాతు కుందేటిలో, కుందేలు పెట్టెలో. జేమ్స్ ఫ్రేజర్ అను పండితుడు 1890లో మొదట ప్రకటించిన తన మహాగ్రంథములో, దేహము వెలుపల ప్రాణమును దాచు కథలను అనేక దేశములనుండి సేకరించి చూపినాడు. భారతదేశపు చిలుక కథయు అందులో కలదు. నేటి బాలురు అభిమానించు హారీ పోటర్ పుస్తకములు ఏడును 1997 మొదలు 2007 వరకు వెలువడినవి. వానిలోని వోల్డెమార్ట్ చేసినదేమి? చావు తప్పించుకొనుటకై తన ఆత్మను ముక్కలు చేసి, వస్తువులలో దాచినాడు. ఒక్కొక్క ముక్కను చీల్చుటకు ఒక్కొక్క హత్య చేయవలసివచ్చినది. మాయల ఫకీరును ఎరిగిన తెలుగు బాలునకు ఇది క్రొత్త కథ కాదు; చిలుకకు బదులు పెట్టెలు, ఉంగరములు వచ్చినవి, అంతియే.

ఇంగ్లండు దేశీయుడైన టోల్కిన్ 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా ప్రకటించిన ఉంగరముల కథయు ఇట్టిదే. టోల్కిన్ యువకుడుగా నున్నపుడు, 1916లో, ఫ్రాన్సు దేశపు సోమ్ యుద్ధరంగమున సైనికాధికారిగా పనిచేసినవాడు. వేలకొలది మనుష్యులు కొందరి ఆజ్ఞకు లోబడి బురదలో కూలిపోవుటను కన్నులార చూచినవాడు. అతని కథలో సౌరాన్ అను చీకటిదొర తన బలములో ఎక్కువ భాగమును ఒక ఉంగరములో పోసినాడు. లోకమును లోబరచుకొనుటకు చేసిన ఆ ఉంగరమే అతని చిలుక. ఉంగరమున్నంత కాలము అతడుండును. అది నశించిన నాడు అతడును నశించును.

ఇక్కడ మన జానపద కథలలోని ఒక లోపమును చెప్పక తప్పదు. వానిలో మాంత్రికుడు ఎల్లప్పుడు పరదేశమునుండి వచ్చును. ఒకచోట నేపాళ మాంత్రికుడు, ఒకచోట మాయల మరాఠీ, ఒకచోట ఫకీరు. చెడుగు కొండల కావలినుండి, పరభాష మాటలాడుచు, వింత వేషముతో వచ్చునని విన్నవారు నమ్ముటకు అవకాశమున్నది. పైగా అతడు కథలో అడుగుపెట్టునప్పటికే దుష్టుడు. అతడెట్లు దుష్టుడైనాడో కథ చెప్పదు. అతనికి ఒక తల్లి యుండెనా, అతడు ఏనాడైన మంచివాడుగా నుండెనా యని అడిగిన పిల్లవానికి అవ్వ సమాధానము చెప్పలేదు.

ఆ సమాధానము భారతములో దొరకును. నహుషుని కథ అది.

వృత్రాసురుని చంపిన పాపమునకు వెరచి ఇంద్రుడు స్వర్గమును విడిచి దాగుకొనెను. రాజు లేని స్వర్గము అల్లకల్లోలమాయెను. దేవతలు, ఋషులు కలసి ఆలోచించి భూలోకమున ధర్మాత్ముడని పేరుపొందిన నహుషుని కడకు వచ్చి, ఇంద్రపదవిని స్వీకరింపుమని వేడుకొనిరి. నహుషుడు ఎగిరి గంతులు వేయలేదు. “నేను దుర్బలుడను, అంతటి భారమును మోయజాలను” అను భావముతో వెనుకాడినాడు. ఇది గమనింపదగిన విషయము. పదవిని అతడు దొంగిలింపలేదు, యాచింపలేదు. మంచివారు, మంచి ఉద్దేశముతో, మంచివానికి ఇచ్చిరి. బలము చాలదని అతడన్నందున, తమ తపోబలములోని భాగమును ధారపోసిరి. దానితోబాటు ఒక వరమును గూడ ఇచ్చిరి. అతని కంటికి ఎవరు ఎదురుపడినను వారి తేజస్సు అతనికి వచ్చి చేరును!

దేవతలు చేసిన పొరపాటు ఇక్కడనే యున్నది. ఎవరును ఎదుట నిలువలేని వానికి ఎవరు నిజము చెప్పగలరు? కన్నెత్తి చూచినంతనే ఎదుటివాని తేజస్సు హరించుచుండగా, సలహా చెప్పవచ్చిన మంత్రి నోరు తెరచులోపలనే నీరుగారిపోవును. నహుషుని చుట్టు ఉన్నవారందరు తలలు వంచుకొని నిలుచువారే. మొదట అతడు ధర్మముగనే పాలించెను. తరువాత ఉద్యానములు, గానములు, విలాసములు వచ్చినవి. ఆ పిమ్మట ఒకనాడు ఇంద్రుని భార్యయైన శచీదేవిని చూచి, “నేను ఇంద్రుడను గదా, ఈమె నన్నేల సేవింపరాదు?” అని అడిగినాడు. ఆ ప్రశ్నలో తర్కమున్నదే గాని సిగ్గు లేదు.

శచీదేవి బృహస్పతిని శరణు వేడి, అతని సలహాతో నహుషుని గడువు కోరినది. బాలనాగమ్మయు ఫకీరును వ్రతము పేర గడువే కోరినది. రెండు కథలలోను నిరాయుధ యగు స్త్రీకి దొరకిన ఆయుధము గడువు. బలవంతుడు దానిని తేలికగా ఇచ్చివేయును. కాలము కూడ తన సేవకులలో ఒకటియని అతని నమ్మకము. తుదకు శచీదేవి, ఋషులు మోయు పల్లకిలో రమ్మని కబురు చేసినది. నహుషుడు సంతోషించినాడు. అంతటి వాహనము పూర్వపు ఇంద్రునకు కూడ లేదని మురిసినాడు. తనకు బలమును దానముచేసిన ఋషుల భుజములపైకి పల్లకి నెక్కించినాడు. అగస్త్యుని తలను కాలితో తాకినాడు. మరుక్షణమే శాపము తగిలి, పెద్దపామై భూమిపై పడినాడు. ఎన్నో వేల సంవత్సరములకు పాండవులు అరణ్యవాసము చేయునపుడు ఆ పాము భీముని చుట్టివేసినది. ధర్మరాజు దాని ప్రశ్నలకు జవాబులు చెప్పి తమ్ముని విడిపించుకొనుటతోబాటు నహుషునకును శాపవిమోచనము కలిగించినాడు. పాముగా నున్నను నహుషునకు జ్ఞాపకశక్తి పోలేదు. ఐశ్వర్యమదము తన్నెట్లు మోహింపజేసినదో తానే చెప్పుకొన్నాడు. ఇంతకంటె చీకటియైన కథ ఏ భాషలో నున్నది? ఇందులో పరదేశి మాంత్రికుడు లేడు. మన ఊరిలో, అందరును మెచ్చుకొను మంచివాడే ఉన్నాడు.

పురాణములలోని రాక్షసుల వరములను కూడ ఈ దృష్టితో చదివినచో అవి వేరుగా కనబడును. నల్లమల కావలి వైపున నున్న అహోబిలములో నరసింహుడు హిరణ్యకశిపుని సంహరించెనని ప్రసిద్ధి. పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని, నేలమీద గాని ఆకాశమున గాని, మనిషివలన గాని మృగమువలన గాని చావురాదని అతడు వరము కోరెను. ఇది వీరుని మాట కాదు. రాత్రి నిద్రపట్టక తనకు భయము గొలుపు వానినన్నింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకొన్నవాని మాట. అంత పొడవైన పట్టికలో అతడు వ్రాయ మరచిన చోటు గడప. దానిమీదనే కథ ముగిసినది.

అదే నల్లమలకు ఈవల, శ్రీశైలమునకు తూర్పు ద్వారమని పేరుపొందిన త్రిపురాంతకమున్నది. తారకాసురుని కుమారులు మువ్వురు ఏలిన మూడు పురములను శివుడు కూల్చిన కథను ఆ ఊరి పేరే చెప్పుచున్నది. ఆ పురములు ఒకటి బంగారముది, ఒకటి వెండిది, ఒకటి ఇనుముది. అవి ఆకాశమున తిరుగుచుండును. వేయి సంవత్సరములకు ఒకసారి మూడును ఒక్కచోట కలియును. ఆ సమయమున ఒక్క బాణముతో కొట్టగలవానివలననే వానికి నాశము. భారతములో ఇంకొక వింత కలదు. ఆ పురములలో చచ్చినవారిని బ్రతికించు ఒక కొలను ఉండెను. యుద్ధములో చచ్చిన రాక్షసుని తెచ్చి అందులో ముంచినచో వెనుకటి బలముతో లేచి నిలిచెడివాడు. చావే లేనిచో తప్పునకు ఖర్చు లేదు. ఖర్చులేని చోట లోభము మితిమీరినది. ఆ కొలను ఏర్పడిన పిదపనే వారు నగరములను, ఆశ్రమములను, తపోవనములను పాడుచేయ మొదలిడిరని కథ.

త్రిపురాంతకములో కథ మాత్రమే కాదు, చరిత్రయు రాతిపై నున్నది. కాకతీయ గణపతిదేవుడు కాయస్థ వంశీయుడైన గంగయసాహిణి పరాక్రమమును మెచ్చి, నల్లగొండ ప్రాంతపు పానుగల్లు మొదలు కడప సీమలోని వల్లూరు వరకు గల విశాలమైన భూభాగముపై అధికారము నిచ్చెను. అతని తరువాత జన్నిగదేవుడు, త్రిపురారిదేవుడు, 1272 ప్రాంతమున అంబదేవుడు ఆ పదవికి వచ్చిరి. అప్పుడు ఓరుగంటిని రుద్రమదేవి పాలించుచుండెను. మొదటివారు మువ్వురును ఓరుగంటికి విధేయులు. అంబదేవుడు గొప్ప యోధుడు. ఇరుగుపొరుగు నాయకులను ఒక్కొక్కరినే గెలిచి, తుదకు ఓరుగంటి అధికారమునే ధిక్కరించినాడు. నల్లగొండ జిల్లాలోని చందుపట్లలో దొరకిన 1289 నాటి శాసనము రుద్రమదేవి మరణమును తెలుపుచున్నది. అంబదేవునితో జరిగిన పోరాటములోనే ఆ వృద్ధురాలు నేలకొరిగెనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. 1290లో అంబదేవుడు త్రిపురాంతకమున శాసనము వేయించి, తాను జయించినవారి పేర్లను వరుసగా చెక్కించినాడు. 1291లో రుద్రమదేవి మనుమడైన ప్రతాపరుద్రుని సైన్యములు అతనిపై నడచినవి. త్రిపురాంతకము మరల కాకతీయుల వశమైనది.

అంబదేవుని మాయల ఫకీరుతో పోల్చుట అన్యాయమగును. విజయములను రాతిపై చెక్కించుట ఆనాటి రాజులందరికిని గల అలవాటే. తిరుగబడుటకు అతనికి తగిన కారణము లున్నవేమో, అతని పక్షమున చెప్పువాడు మిగులలేదు. అయినను ఒక్క సంగతి మనసును పట్టుకొనును. గాలిలో తిరిగిన మూడు పురములు కూలిన చోటని లోకము చెప్పుకొను గుడిలోనే, తన గెలుపుల పట్టిక శాశ్వతముగా నిలుచునని అతడు తలచినాడు. రాయి నిలిచినది. రాజ్యము మరుసటి సంవత్సరమునకే చేజారినది.

రాజులు, రాక్షసులు పిల్లలకు దూరపువారు. అధికారము దగ్గరివారి చేతులలో ఎట్లుండునో చూచుటకు పురాణము అక్కరలేదు. ఒకప్పుడు గ్రామమున మునసబు, కరణము వంశపారంపర్యముగా వచ్చెడివారు. కరణము కలము కదలినచో అడంగలులో రైతు పేరు మారెడిది, పేరు మారినచో బ్రతుకు మారెడిది. ధర్మముగా నడచిన కరణములు లేకపోలేదు. కాని రైతు వారి వాకిట నిలుచునపుడు, ఈయన మంచివాడా కాడా యను దానిపైననే తన నేల ఆధారపడియుండుట ఎరిగియే నిలుచెడివాడు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ పదవులను రద్దుచేసినది.

అంతకంటె దగ్గరి ఉదాహరణము తరగతిలోనే దొరకును. ఉపాధ్యాయుడు బయటికి పోవుచు ఒక బాలుని పిలిచి, చేతికి సుద్దముక్క నిచ్చి, అల్లరి చేసినవారి పేర్లు నల్లబల్లపై వ్రాయుమని చెప్పుననుకొందము. మొదటినాడు ఆ బాలుడు న్యాయముగా వ్రాయును. తన పేరు కూడ వ్రాసికొనుటకు వెనుదీయడు. రెండవనాడు స్నేహితుని పేరు వ్రాయక విడిచిపెట్టును. స్నేహము మంచిదే గదా! మూడవనాడు ఎవడో ఒక మంచి బలపము నిచ్చును. మార్కాపురపు పలకలు దేశమంతటికి ఎగుమతియైన కాలములో బలపము చిన్న వస్తువు కాదు. నేడైనచో ఒక పెన్ను అనుకొనవచ్చును. నాలుగవనాడు, మాటలాడని వాని పేరు నల్లబల్లకెక్కును, వాడు చూచిన చూపు నచ్చలేదు గనుక. ఈ నాలుగు దినములలో ఆ బాలుడు రాక్షసుడు కాలేదు. ఇంటికి పోయినపుడు తల్లికి ముద్దుబిడ్డయే. కాని అయిదవనాడు ఉపాధ్యాయుడు సుద్దముక్కను మరియొకని చేతికి ఇచ్చినపుడు అతని ముఖమును చూడవలెను. అందరు తనను చూచి నవ్వుచున్నారేమో, తన పేరు మొట్టమొదట వ్రాయుదురేమో యని లోలోన వణకును. వాని ప్రాణము ఎప్పుడు ఆ సుద్దముక్కలోనికి పోయినదో వానికే తెలియదు.

ఈ కథలను చదువని వానికి ఇది తోచదని కాదు. చదివినవానికి చిలుకను గుర్తుపట్టుట సులభమగును. పెద్దల రెండవ ఆక్షేపణకు జవాబు కూడ ఇక్కడనే కలదు. గుప్తనిధికై గుడిలో గోయి త్రవ్వువాడు మాంత్రికుల కథను చదువనివాడు కాడు, తలక్రిందులుగా చదివినవాడు. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు శక్తిని పొందుటకు సాహసవంతుడైన యువకుని బలియిచ్చుటకు ఎత్తువేయును. తోటరాముని ప్రేమగా పిలుచును, సాయము చేసెదనని నమ్మించును. చూచువారందరికి ఆ ప్రేమ వెనుక నున్న కత్తి తెలియును. నిధి దొరకునని పేదవానిని అర్ధరాత్రి కొండకు పిలుచుకొనిపోవు నేటి మాంత్రికుని మాటలు అవే. ఆ చలనచిత్రమును శ్రద్ధగా చూచిన బాలుడు ఆ మాటను గుర్తుపట్టి ఇంటిదారి పట్టవలెను. భూమిలో దొరకిన పది రూపాయలకు మించిన విలువగల నిధిని గూర్చి కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే చెప్పుచున్నది. కలెక్టరునకు తెలుపుటకు నిమ్మకాయలు అక్కరలేదు.

ఇంత చెప్పినను, చీకటి కథలన్నియు మంచివేయని చెప్పుట కాదు. ఇటీవల వచ్చు పుస్తకములలోను, తెరమీది బొమ్మలలోను కొన్ని, మాంత్రికుని వేషమును, వాహనమును, అట్టహాసమును మెరుగులుదిద్ది చూపి, అతడు చెల్లించిన వెలను దాచుచున్నవి. చదువుచున్నవానికి మాంత్రికుడు కావలెనని బుద్ధి పుట్టును గాని, రాళ్లుగా మారినవారివైపు చూపు పోదు. అట్టి కథలో చిలుక ఉండదు. చిలుక లేని మాంత్రికుని కథ అబద్ధపు కథ. వానిని చదువువారు కాలము వృథాచేసికొనుచున్నారని పెద్దలు కోపించినచో ఆ కోపము న్యాయమే.

టోల్కిన్ ఆ అబద్ధమును ఆడలేదు. అతని కథలో ఫ్రోడో అను చిన్నవాడు ఉంగరమును గాండాల్ఫ్ అను జ్ఞానికి ఇచ్చివేయబోవును. గాండాల్ఫ్ వలదనును. తనకు దురాశ యున్నదని కాదు. దీనులపై జాలితో, మేలు చేయవలెనను కోరికతోనే ఉంగరము తన్ను లోబరచుకొనునని అతని భయము. ఋషులు పిలిచినపుడు నహుషుడు ఇట్టి భయమునే పైకి చెప్పి, తుదకు ఒప్పుకొన్నాడు, గాండాల్ఫ్ ఒప్పుకొనలేదు. దేశమును కాపాడుటకు ఉంగరమును వాడుదమని బోరోమిర్ అను వీరుడు వాదించును; ఆ కోరికయే అతనిని స్నేహితునిపై చేయిచేసికొనునట్లు చేయును. ఫ్రోడో మాత్రము ఆకలిని, గాయములను సహించి, ఉంగరమును కరిగించు అగ్నిపర్వతము అంచు వరకు మోసికొనిపోవును. మరియొక రచయిత యైనచో అక్కడ అతనిచేత ఉంగరమును నిప్పులో వేయించి జయజయధ్వానములు చేయించును. టోల్కిన్ కథలో ఫ్రోడో ఆ అంచున నిలిచి, ఉంగరము తనదేయని పలికి వ్రేలికి తొడుగుకొనును. అంత దూరము మోసినవాడు, ఎవరికిని కీడు తలపెట్టనివాడు! ఏండ్ల తరబడి ఆ ఉంగరమునకై తపించి, మనిషి రూపమును కోల్పోయిన గొల్లమ్ అను దీనుడు అతనిపై బడి, వ్రేలు కొరికి ఉంగరమును లాగుకొని, ఆ సంతోషములో కాలు జారి మంటలలో పడును. దారిలో ఆ గొల్లమును చంపుటకు అవకాశము వచ్చినపుడు ఫ్రోడో జాలిపడి విడిచిపెట్టియుండెను. ఉంగరము ఆ విధముగా కరగిపోయినది. ఫ్రోడో ఇంటికి తిరిగివచ్చెను గాని, ఆ చేతికి నాలుగు వ్రేళ్లే మిగిలినవి.